కత్తెరమ్మ కుట్టిన ఇరవై ఆరు జతలు

ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వేసేముందు కొట్టువాళ్ళని ఒక్కమాట అడగాలని ఆ కుర్రాడికి ఎవరూ నేర్పినట్టు లేదు. ఎండన పడి వచ్చాడు, చెమటలు కారుతున్నాయి, గోడకి స్విచ్చి కనిపించింది, టక్కున నొక్కాడు. అంతే. బల్లమీద వరసగా పరిచి ఉన్న కాగితపు అచ్చులు, చేతులవీ కాలర్లవీ జేబులవీ, పావురాల గుంపు లేచినట్టు లేచాయి. ఒకటి వెళ్ళి మెషీను కింద దూరింది. ఒకటి గుమ్మం దాటి వీధిలోకి నడిచింది. ఇంకొకటి తిన్నగా వచ్చి ఆ కుర్రాడి మొహానికే అతుక్కుంది.

బల్లవెనక వంగి సుద్దముక్క వెతుక్కుంటున్న దర్జీ అమ్మాయి నిదానంగా పైకి లేచింది. కేకలు వెయ్యలేదు. ఆమె కేకలు వెయ్యదు, అదే భయం.

"మొహం మీదున్నది ఇలా ఇవ్వండి," అంది. "అది పెద్ద సైజు చొక్కాకి చంక."

కుర్రాడు చంక తీసి ఇచ్చాడు. తరవాత గంటసేపు నేలమీద పాకుతూ ముక్కలేరాడు. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో ఆమె చెబుతుంటే బుద్ధిమంతుడిలా పెట్టాడు. అంతా సర్దాక, ఇంతకీ ఎందుకొచ్చారని అడిగితే అప్పుడు నీళ్ళు నములుతూ చెప్పాడు. సముద్రం అవతలనుంచి వచ్చాడట. వాలంటీరట. లైబ్రరీ మేడమీద నాలుగు నెలలు ఊరివాళ్ళకి ఫోన్లూ కంప్యూటర్లూ ఉచితంగా నేర్పుతాడట. వీధిలో కొట్లవాళ్ళందరినీ పిలుస్తున్నాడట.

"ముందు స్విచ్చి ఎప్పుడు నొక్కాలో మీరు నేర్చుకోండి. తరవాత మాకు నేర్పుదురుగాని," అంది ఆమె.

వీధి ఆమెని కత్తెరమ్మ అని పిలుచుకునేది. ఆ పేరు చేతిలో కత్తెరని చూసి పెట్టారో, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టారో ఎవరినడిగినా గట్టిగా చెప్పరు.

అతని దేశానికి మనవాళ్ళు తాతముత్తాతల నాడే పడవలెక్కి వెళ్ళారు. బజారులో ఏ భాష మాట్లాడినా ఇంట్లో మాత్రం మన మాటే. అందుకే వాలంటీర్లని పంపే సంస్థవాళ్ళు మన మాట వచ్చిన కుర్రాణ్ణి ఏరి మరీ పంపించారు. అతను వచ్చిన వారానికే ఊరు అతనికి క్లిక్కు మాస్టారని పేరు పెట్టేసింది. ఎవరేం అడిగినా "దానిమీద ఒక్క క్లిక్కు కొట్టండి" అనేవాడు మరి.

లైబ్రరీ మేడమీద ఎనిమిది పాత కంప్యూటర్లు, పదిహేనుమంది శిష్యులు. చిన్నవాళ్ళకే అరవై దాటాయి. బేకరీ నడిపే రొట్టెల అత్తయ్య పిండి చేతులతోనే వచ్చి కూర్చునేది. ఆవిడ లేచాక చూస్తే ఏ అక్షరాలు నొక్కిందో తెల్లగా కనిపించేవి. రిటైరైన పోస్టుమాన్ తాతయ్యకైతే ఈమెయిలు మీద బొత్తిగా నమ్మకం లేదు. ఇంటి నంబరూ వీధి పేరూ లేకుండా అది ఎలా చేరుతుందని రోజూ మాస్టారితో తగువేసుకునేవాడు. చివరికి ప్రతి ఈమెయిలు కిందా పూర్తి చిరునామా, పక్కింటివాళ్ళ ఆనవాలుతో సహా రాయడానికి ఇద్దరూ రాజీపడ్డారు.

కత్తెరమ్మని ఆ మేడ ఎక్కించింది రొట్టెల అత్తయ్యే. తోడు రావాలంది, మోకాళ్ళు నొప్పులంది, చెవిలో పోరి పోరి తీసుకెళ్ళింది. కత్తెరమ్మ వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంది. మాస్టారు పాఠం చెబుతుంటే తల ఎత్తినప్పుడల్లా ఆ కళ్ళే ఎదురయ్యేవి. ఎదురైనప్పుడల్లా వాక్యం మధ్యలో తప్పిపోయేవాడు. ఒకరోజు పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని పాఠం చెబుతూ తన పాస్‌వర్డే బోర్డుమీద రాసేశాడు. పోస్టుమాన్ తాతయ్య దాన్ని శ్రద్ధగా నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. ఆరోజు కత్తెరమ్మ నవ్వింది. మేడ మెట్లు దిగేదాకా నవ్వుతూనే ఉంది. మర్నాటినుంచి ముందు బెంచీలోకి మారింది. వెనక ఫ్యాను గాలి ఎక్కువగా ఉందని కారణం చెప్పింది.

సరే, ఆమె వేళాకోళాలన్నీ పైకే. లోపల ఒక దిగులుంది.

కొట్టు పెదనాన్నది. ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయనకి నడుము పట్టేసింది, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. రెడీమేడ్ బట్టలవాళ్ళు కొట్టు కావాలని రెండేళ్ళుగా తిరుగుతున్నారు. ఆయన ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. ఇంతలో రేవులో కొత్త లాంచీ వచ్చింది. దాని సిబ్బంది ఇరవై ఆరుమందికీ యూనిఫారాలు కుట్టే పని ఈ కొట్టుకి దొరికింది. చొక్కా, ప్యాంటు, ఒక్కొక్కరికీ ఒక జత. రెండు వారాల గడువు. ఆ శనివారం లాంచీ మొదటిసారి నీళ్ళమీదికి వెళ్ళాలి.

"ఇరవై ఆరూ మాట పడకుండా వెళ్ళాయా, కొట్టు తాళం నీ చేతిలో పెడతాను," అన్నాడు పెదనాన్న. "మాట వచ్చిందా, రెడీమేడ్ వాళ్ళకి సరేననేస్తాను. తరవాత నామీద అలగకూడదు."

ఆమె సరేనంది. అన్నాక మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు.

కొలతలకి ఆమెకో పాత పుస్తకం ఉంది. దాంట్లో గీతలూ సున్నాలూ ఆమెకి తప్ప దేవుడికి కూడా అర్థం కావు. ఇరవై ఆరుమంది కొత్తవాళ్ళు, అందులోనూ సగంమంది పొరుగూళ్ళవాళ్ళు. ఇంతమందివి ఆ పుస్తకంలో కలిసిపోతాయని మాస్టారు అన్నాడు. కంప్యూటర్లో పట్టిక వేద్దాం, ఒక వరసలో పేరు, ఆ పక్కన ఛాతీ, నడుము, భుజం, పొడవు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు అన్నాడు. ఆమె చాలాసేపు గింజుకుంది. చివరికి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందని రొట్టెల అత్తయ్య అడిగితే, ఊరికే తలనొప్పి పెడుతుంటే ఒప్పుకున్నానంది.

రెండు రోజులు కొట్లో టేపు ఆమె చేతిలో, లాప్‌టాప్ అతని ఒళ్ళో. ఆమె అంకె చెప్పడం, అతను కొట్టడం. వచ్చినవాళ్ళలో లావుపాటి వంటవాడు ఊపిరి బిగబట్టి నిలబడితే, "ఊపిరి వదలండి, ప్యాంటు వేసుకుని అన్నం కూడా తినాలి కదా," అనేది. పొడుగ్గా సన్నగా ఉన్న కెప్టెన్ వంగి నిలబడితే, "మీరు నిటారుగా ఉంటేనే లాంచీ నిటారుగా ఉంటుంది," అనేది. మాస్టారు నవ్వు ఆపుకోలేక ఒక గడిలో వెయ్యాల్సింది ఇంకో గడిలో వేసేవాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే పట్టేసేది. "భుజం నలభై రెండు ఏమిటి మాస్టారూ? మనిషికి వేస్తున్నారా, బీరువాకి వేస్తున్నారా?"

కొలతలు పూర్తయ్యాయి. వంటవాడు మొదలు చుక్కాని పట్టేవాడిదాకా ఇరవై ఆరు వరసలు బారులు తీరి ఉన్నాయి. కాగితం మీద ఒక్క అంకె కూడా లేదు.

మర్నాడు లాంచీ కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. మూటలమీద పేర్లు అక్షరక్రమంలో ఉంటే పంచడం సులువన్నాడు. మాస్టారు లాప్‌టాప్ కొట్లోనే పెట్టి క్లాసుకి వెళ్ళాడు. అతను వచ్చేదాకా ఆగొచ్చు. కానీ క్లాసులో పేర్లు వరసలో పెట్టడం అతనే కదా నేర్పింది, తనే చేసి చూపిస్తే ఎలా ఉంటుందీ అనిపించింది. పేర్ల గడులమీద వేలు జరిపింది, ఒక్క క్లిక్కు కొట్టింది. పేర్లన్నీ లేచి, బడిపిల్లల్లా చక్కగా వరసలో కూర్చున్నాయి. మాస్టారు వచ్చీరాగానే లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. అతను చూసి శభాష్ అన్నాడు. ఆరోజు ఆమె మెషీను తొక్కుతూ కూనిరాగం తీసింది. పెదనాన్న కళ్ళజోడు పైకి తోసుకుని మరీ విన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ట్రయలు. ఇరవై ఆరుమందీ వచ్చారు. మూటలు విప్పారు, తెరవెనక్కి వెళ్ళారు, ఒక్కొక్కరే బయటికొచ్చారు.

కెప్టెన్ చొక్కాలో ఇంకొక కెప్టెన్ పట్టేంత చోటుంది. చుక్కాని పట్టేవాడి ప్యాంటు పిక్కలదగ్గరే ఆగిపోయింది. వంటవాడు తెరవెనకనుంచి బయటికే రాలేదు. తల మాత్రం బయటపెట్టి, ఈ ప్యాంటు తన మేనల్లుడికి సరిపోవచ్చేమో గానీ తనకి మోకాలు దాటడం లేదని దీనంగా చెప్పాడు. ఎవరో నవ్వారు. మేనేజరు మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కరినీ తేరిపార చూసి, శనివారం వీళ్ళని ఈ వేషాలతో జనం ముందు నిలబెట్టమంటారా అని పెదనాన్నని అడిగాడు.

పెదనాన్న ఆమెవైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ కొట్టుకి ఒక్క గుండీ మీద కూడా మాట రాలేదు.

సరిగ్గా అప్పుడే క్లాసు ముగించుకుని మాస్టారు గుమ్మంలో అడుగుపెట్టాడు. మనుషుల్ని చూశాడు, బట్టల్ని చూశాడు, తిన్నగా వెళ్ళి లాప్‌టాప్ తెరిచాడు. చూసిన క్షణంలో అర్థమైపోయింది అతనికి. పక్కన నిలబడ్డ ఆమెకీ అర్థమైంది. పేర్లు మాత్రమే లేచి వరస మారాయి. కొలతలు ఎక్కడివక్కడే కూర్చుని ఉన్నాయి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి ఒళ్ళు. ఏ పేరు ఎవరిదో గుర్తులేక ఆమె ఆ పట్టికనే నమ్మి, వారం రోజులు కళ్ళు చిల్లులుపడేలా కత్తిరించి కుట్టింది.

ఆమె నోరు తెరవబోయింది.

"తప్పు నాదండీ," అన్నాడు మాస్టారు. "పట్టిక చూసుకోవాల్సింది నేను. ఆవిడకి సంబంధం లేదు."

పెదనాన్న మొహం కందగడ్డలా అయింది. నువ్వు నేర్పడానికి వచ్చావా, మా కొట్టు మూయించడానికి వచ్చావా అని అడిగాడు. సాయంత్రమే మీ ఆఫీసుకి ఫోను చేసి నిన్ను వెనక్కి పిలిపించుకోమంటానన్నాడు. అతను తల వంచుకుని అన్నీ విన్నాడు. వెళ్ళేముందు ఒక్కసారి ఆమెవైపు చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని.

ఆమె చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అతను ఊపినందుకు కాదు. కొట్టు పోతుందని భయపడి చెప్పలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

మేనేజరు లేవబోతున్నాడు. వంటవాడు తన చొక్కా తనకి ఇప్పించమని తెరవెనకనుంచి బతిమాలుతున్నాడు. ఆమె ఆ తెరవైపు చూసింది, కెప్టెన్ ఒంటిమీద వేలాడుతున్న చొక్కాని చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా కళ్ళు తెరుచుకున్నట్టయింది.

"ఎవరూ వెళ్ళకండి. కుట్టు తప్పలేదు, పేర్లే తప్పాయి. ప్రతి జతా ఈ గదిలో ఎవరో ఒకరికి సరిపోవాలి. ఎవరికి అన్నది నేను చూస్తాను. కెప్టెన్ గారూ, మీ చొక్కా ప్యాంటూ విప్పి వంటాయనకి ఇవ్వండి."

ఇచ్చాడు. ఆ జతలో వంటవాడు తెరవెనకనుంచి పెళ్ళికొడుకులా బయటికొచ్చాడు.

ఇంక చూడాలి సంబరం. ఇరవై ఆరుమందినీ పొడుగునిబట్టి వరసలో నిలబెట్టింది. టేపు ముట్టుకోలేదు. అరచేత్తో భుజం కొలవడం, కంటితో నడుము కొలవడం, ఒకరి ఒంటిమీద తీసి ఇంకొకరికి తొడగడం. రొట్టెల అత్తయ్య బన్నుల బుట్టతో వచ్చి, పరిస్థితి చూసి, బుట్ట పక్కన పెట్టి ప్యాంట్లు మోయడం మొదలుపెట్టింది. చుక్కాని పట్టేవాడి ప్యాంటు ఇంజను చూసేవాడి దగ్గర దొరికింది. కెప్టెన్ ప్యాంటు టికెట్లు చింపేవాడు రెండు మడతలు మడిచి వేసుకుని ఉన్నాడు. నాలుగు కాకముందే ఇరవై ఆరుమందీ ఎవరి బట్టల్లో వాళ్ళు నిలబడ్డారు. మేనేజరు వరస పొడుగునా నడిచాడు. కాలరు లాగి చూశాడు, మడత తిప్పి చూశాడు. రెడీమేడ్‌లో ఇలా కూర్చోవు సుమండీ అని పెదనాన్నతో అని, మూటలు కట్టించుకుని వెళ్ళాడు.

పెదనాన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

ఆమె తాళంచెవి తీసుకెళ్ళి ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"ఆ పట్టిక పాడుచేసింది అతను కాదు పెదనాన్నా. నేను. అతను తనమీద వేసుకుంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

రొట్టెల అత్తయ్య బన్ను నములుతూ ఆగిపోయింది. పెదనాన్న తాళంచెవి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"అయితే వాడెందుకు వేసుకున్నాడు?"

"నాకేం తెలుసు?"

"పాపం, దానికి తెలీదు," అంది రొట్టెల అత్తయ్య, ఎవరితోనో అన్నట్టు. "వీధిలో కుక్కలక్కూడా తెలుసు."

పెదనాన్న ఆవిడవైపు ఒక చూపు చూసి, ముందు వెళ్ళి ఆ కుర్రాణ్ణి పిలుచుకు రమ్మన్నాడు.

బయట వాన. వచ్చే వాన నెమ్మదిగా రావచ్చు కదా, అదేమో ఆమె గొడుగు మరిచిపోయిందని కబురందినట్టు ఒక్కసారిగా కురిసింది. లైబ్రరీ మేడ ఎక్కేసరికి జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. మాస్టారు కంప్యూటర్ల వైర్లు చుడుతున్నాడు. పక్కన బ్యాగు సగం సర్ది ఉంది.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" అంది గుమ్మంలోనే.

"అబద్ధం కాదు. మీరు చూపించినరోజు నేను పట్టిక చూసి ఉంటే తప్పు అక్కడే దొరికేది. శభాష్ అన్నానంతే, చూడలేదు."

"కళ్ళముందు పెడితే చూడలేదా? మరి ఏం చూశారు?"

అతను వైరు చుట్టడం ఆపాడు. చుట్టిందంతా విప్పడం మొదలుపెట్టాడు.

"మీ చెవి వెనక సుద్ద గుర్తు ఉంది ఆరోజు," అన్నాడు. "అది చూస్తున్నాను."

ఆమె చెయ్యి తనంతట తనే చెవి దగ్గరికి వెళ్ళింది. కత్తెరలాంటి నోరు ఆ సమయానికి ఎక్కడికి వెళ్ళిందో ఏమో.

"ఇవాళ కూడా ఉందా?" అంది చివరికి.

"వానకి పోయింది."

"హమ్మయ్య. ఇవాళైనా తిన్నగా వింటారు. నిజం చెప్పేశాను పెదనాన్నకి."

అతను గబుక్కున తలెత్తాడు. "కొట్టు?"

"తాళం జేబులో వేసుకున్నాడు. పోయినట్టే ఉంది."

"మీకేమైనా పిచ్చా? అంతా సర్దుకుంది కదా. నేను ఎలాగూ నెలలో వెళ్ళిపోయేవాణ్ణి."

"నాకు పిచ్చి సరే. ఊరుగాని ఊరొచ్చి, చెయ్యని తప్పుకి తల వంచుకున్న మీకేమిటి?"

అతను చెప్పాడు. వైరు చేతిలో పట్టుకుని, నేలవైపు చూస్తూ, తప్పులతడకగా, వాక్యాలన్నీ మధ్యలో తప్పిపోతూ చెప్పాడు. పాఠం చెప్పినప్పటికంటే కనాకష్టంగా ఉంది. కానీ ఆమెకి ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమైంది. అర్థమైనా ఏమీ అనలేదు. పెదనాన్న రమ్మంటున్నాడు, బ్యాగు తరవాత సర్దుకోవచ్చు, పద అంది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరిలో ఎవరూ గమనించనట్టే నటించారు.

కొట్లో పెదనాన్న మాస్టారుని ఎదురుగా నిలబెట్టి పైనుంచి కిందికి చూశాడు. ఎవరి తప్పు వాళ్ళు మొయ్యాలి, పక్కవాడి తప్పు మోస్తే పక్కవాళ్ళకి మొయ్యడం ఎప్పుడొస్తుంది అని గట్టిగానే కేకలేశాడు. ఆమెకీ పెట్టాడు అక్షింతలు. తప్పు చేసినందుకు కాదట, మధ్యాహ్నం నోరు మూసుకుని నిలబడ్డందుకట. ఇద్దరూ తడిసిన కోళ్ళలా నిలబడి విన్నారు.

అన్నీ అయ్యాక ఆయన లేచాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె మెషీను మీద పెట్టాడు.

"రేపట్నించి నేను రాను. ఈ నడుముతో నావల్ల కాదు. తొమ్మిదింటికల్లా కొట్టు తెరిచి ఉండాలి. తొమ్మిదంటే తొమ్మిదే."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టే రొట్టెల అత్తయ్య వైపు తిరిగాడు.

"నీకు ఫోన్లో మనుషులు కనిపించేలా మాట్లాడటం వచ్చిందన్నావు కదమ్మా. ఈ కుర్రాడి ఇంట్లో పెద్దవాళ్ళతో నేను రెండు మాటలు మాట్లాడాలి. మీ బేకరీకి వస్తాను, నేర్పుతావా?"

"వీళ్ళమ్మగారి నంబరు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది," అంది అత్తయ్య. "రండి, ఒక్క క్లిక్కే."

ఇద్దరూ ఒకే గొడుగులో, నడుము ఒకరిది మోకాళ్ళు ఒకరివి మూలుగుతూ, వానలోకి దిగారు.

కొట్లో ఇద్దరు మిగిలారు. ఒకరు బల్లకి ఈవైపు, ఒకరు ఆవైపు. మాస్టారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. తను చెప్పినదానికి ఇంకా జవాబు రాలేదు, అడిగే ధైర్యమూ లేదు. ఆమె టేపు మెడలో వేసుకుంది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"చేతులు చాపు," అంది.

"ఎందుకు?"

"చొక్కా కుడతాను. ఊపిరి వదులు, బిగబట్టకు."

వదలడం అతనివల్ల కాలేదు. ఆమె భుజం కొలిచింది, చెయ్యి కొలిచింది, ఛాతీ చుట్టూ టేపు తిప్పి అంకె చూసుకుంది. ఒకసారి సరిపోదన్నట్టు మళ్ళీ చూసుకుంది. తన పాత పుస్తకం తెరిచి, ఎవరికీ అర్థంకాని గీతలు నాలుగు గీసింది.

"ఎప్పటికి అవుతుంది?" అన్నాడు. "నా టికెట్టు వచ్చే నెల ఇరవయ్యో తారీకు."

ఆమె పుస్తకంలోంచి తలెత్తలేదు. పెన్సిలు చివర పెదవులకి ఆనించుకుని, చాలా పనులున్నదానిలా లెక్కలు వేసుకుంది.

"ఇరవై ఐదుకి ఇస్తాను," అంది. "అంతకుముందు కుదరదు."

అతను ఆమెవైపు చూశాడు. ఆమె పుస్తకం మూసింది.

"టికెట్టు మార్చుకోవడం నీకొచ్చు కదా," అంది, "లేకపోతే అదీ నన్నే చెయ్యమంటావా?"